బుక్ క్లబ్‌కి ట్రూ క్రైమ్ పుస్తకం ఎంచుకోవడం ఎలా

నిజంగా జరిగిన నేరం మీద రాసిన పుస్తకాన్ని మీ కోసం మీరు కొనుక్కుంటే, తెల్లవార్లూ కింద పెట్టనివ్వకపోతే చాలు, డబ్బు గిట్టినట్టే. అదే పుస్తకాన్ని ఎనిమిది మంది చదివి గంటన్నర మాట్లాడుకోవాలంటే లెక్క మారుతుంది. ఊపిరి సలపనివ్వని పుస్తకాలే చాలాసార్లు సమావేశంలో తేలిపోతాయి. "అమ్మో, ఎంత ఘోరం", "వాణ్ణి ఉరి తీయాల్సిందే" అనేశాక పావుగంటకే మాటలు అయిపోతాయి. అందుకే నేరం ఎంత సంచలనమో పక్కన పెట్టి, రచయిత చెప్పినదాన్ని ఎదురు ప్రశ్నించడానికి పుస్తకంలో ఎంత చోటుందో చూడాలి. కింద చెప్పే పనుల్లో చాలావరకు ఆ చోటుందో లేదో ముందే కనిపెట్టడానికే.

సమావేశానికి ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. రెండు వారాలు ఎంపికకు, నాలుగు వారాలు చదవడానికి. ఎంపిక బాధ్యత ఇద్దరికి అప్పగించండి. ఒక్కరే అయితే తమకు నచ్చిన పుస్తకం వైపు తెలియకుండానే మొగ్గుతారు. నలుగురైదుగురు ఉంటే ఇంకొకరు చూస్తారులే అని ఎవరూ చూడరు.

ముందు, ఎవరికి ఏది వద్దో తెలుసుకోండి

అందరి ముందూ "మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగితే ఎవరూ నోరు విప్పరు. ఇంట్లో ఎవరో హింసకు బలైన మనిషి ఆ సంగతి పదిమందిలో చెప్పుకుని మరీ పుస్తకం వద్దనరు. మౌనంగా ఆ నెల సమావేశానికి రావడం మానేస్తారు. కాబట్టి పేరు రాయనక్కర్లేని చీటీ ఇవ్వండి, లేదా పేర్లు కనిపించని ఆన్‌లైన్ ఫారం పంపండి. చీటీలో ఈ ఎనిమిది అంశాలు చాలు: పిల్లల మీద హింస, లైంగిక హింస, దాంపత్య హింస, ఆత్మహత్య, చిత్రహింసలు, శవాన్ని ఛిద్రం చేయడం, జంతువుల మీద క్రూరత్వం, ఘటనాస్థలి ఫొటోలు. ప్రతి అంశం పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమనండి: "పర్లేదు", "ముందే చెబితే పర్లేదు", "వద్దు".

ఒక అంశానికి ఒక్క "వద్దు" వచ్చినా, ఆ అంశమే కేంద్రంగా ఉన్న పుస్తకాలు జాబితాలోకి రాకూడదు. ఇక్కడ మెజారిటీ లెక్క పనికిరాదు, ఎందుకంటే మిగిలిన ఏడుగురికి చదవడానికి వేరే పుస్తకాలు బోలెడున్నాయి. అయితే ఆ అంశం ఒకటి రెండు పేజీల్లో వచ్చి పోయే పుస్తకాన్ని కొట్టేయనక్కర్లేదు. పేజీ నంబర్లు ముందే చెప్పి దాటేయమనవచ్చు. అదెలా చేయాలో తర్వాత చూద్దాం.

చీటీలు తెరిచాక దాదాపు అన్నిటికీ "వద్దు"లే కనిపిస్తే నిరాశపడకండి. ట్రూ క్రైమ్ అంటే హత్యలే కాదు. మోసాలు, దొంగతనాలు, ఫోర్జరీలు, కంపెనీల కుంభకోణాల మీద చాలా మంచి పుస్తకాలున్నాయి. 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షుల చర్మాలు పోయిన ఉదంతం మీద కిర్క్ వాలస్ జాన్సన్ 'ద ఫెదర్ థీఫ్' రాశాడు. చేపలు పట్టే గాలాలకు అలంకారంగా కట్టే ఈకల కోసం జరిగిన దొంగతనం అది. రక్తం చుక్క లేదు, వాదించుకోవడానికి మాత్రం శిక్ష న్యాయమైనదేనా అన్న దగ్గర్నుంచి సైన్సు నష్టపోయిందేమిటి అన్నదాకా సరుకు చాలా ఉంది.

ఇంకో పొరపాటు ఊహ: కేసు ఎంత పాతదైతే పుస్తకం అంత మెత్తగా ఉంటుందనుకోవడం. కేట్ సమ్మర్‌స్కేల్ 'ద సస్పిషన్స్ ఆఫ్ మిస్టర్ విచర్' 1860 నాటి కేసు. గుర్రపు బళ్లు, బంగళాలు, నాటి పత్రికల హడావుడి అని అట్ట చూసి ఎంచుకుంటారు. హతుడు నాలుగేళ్లు నిండని పిల్లవాడు. "పిల్లల మీద హింస వద్దు" అన్నవారి చేతిలో ఈ పుస్తకం పెడితే, వందేళ్ల దూరం వాళ్లనేమీ కాపాడదు.

ఏ రకం పుస్తకం ఏ రకం చర్చనిస్తుంది

అన్నీ ఒకే అరలో ఉన్నా ఈ పుస్తకాలు చాలా రకాలు. దర్యాప్తు కథనాల్లో పోలీసు లేదా విలేకరి వెంట మనం నడుస్తాం. చదవడం తేలిక. అయితే చివర్లో దోషి దొరికిపోతే చర్చ కూడా అక్కడే ఆగిపోయే ప్రమాదముంది. కోర్టు చుట్టూ తిరిగే పుస్తకాలు మొదటి వంద పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, కానీ సమావేశంలో బాగా పండుతాయి. రెండు పక్షాల వాదనా పేజీల్లోనే ఉంటుంది కాబట్టి సభ్యులు తలో పక్షం తీసుకుంటారు. తప్పుడు శిక్షల మీద రాసినవి కోపం తెప్పిస్తాయి. అందరి కోపం ఒకవైపే ఉంటే వాదన పుట్టదని గుర్తుంచుకుని, పోలీసుల తరఫు వాదనను కూడా గట్టిగా చెప్పిన పుస్తకాన్నే తీసుకోండి.

బాధితుల జీవితం మీద రాసినవి ఇంకో దారి. 1888లో లండన్‌లో, ఎవరో ఇప్పటికీ తేలని హంతకుడు 'జాక్ ద రిప్పర్' చేతిలో చనిపోయారని చెప్పే ఐదుగురు స్త్రీల గురించి హాలీ రూబెన్‌హోల్డ్ 2019లో రాసిన 'ద ఫైవ్'లో హంతకుడెవరన్న ప్రశ్నే లేదు. వాళ్లు ఎక్కడ పుట్టారు, ఏం పని చేశారు, ఇల్లు ఎలా పోగొట్టుకున్నారు అన్నదే కథ. హంతకుడి గురించి ఊహాగానాలతో సమావేశమంతా కొట్టుకుపోయే అలవాటున్న బృందానికి ఇలాంటిది ఒకసారి ఇచ్చి చూడండి.

రచయితే కేసులో పాత్రగా ఉన్న పుస్తకాలు చర్చకు అన్నిటికన్నా గట్టివి, ఎంచుకోవడంలో అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సినవి కూడా. ఆన్ రూల్ ఒక హెల్ప్‌లైన్ కేంద్రంలో టెడ్ బండీ పక్కన కూర్చుని పనిచేసిన మనిషి. అప్పటికి తెగని వరస హత్యల మీద పుస్తకం రాయడానికి ఒప్పుకున్నాక, ఆ హంతకుడు తన స్నేహితుడేనని తేలింది. 1980లో వచ్చిన 'ద స్ట్రేంజర్ బిసైడ్ మీ' ఆ ఇరకాటంలోంచే పుట్టింది. ఇలాంటి పుస్తకంలో "ఈమెను ఎంతవరకు నమ్మాలి?" అన్న ప్రశ్న ఎవరూ అడగకుండానే లేస్తుంది.

మొదటిసారి ట్రూ క్రైమ్ చదువుతున్న బృందమైతే దర్యాప్తు కథనంతో మొదలుపెట్టి, కోర్టు పుస్తకాల వైపు రెండోసారి వెళ్లడం మంచిది. వరస హంతకుల జీవిత చరిత్రలు మాత్రం బృందానికి దాదాపు ఎప్పుడూ నప్పవు. వాటిలో ఒకే రకం ఘటన పదే పదే వస్తుంది. మూడో హత్య దగ్గర సగం మంది పేజీలు తిప్పేయడం మొదలుపెడతారు.

ఎనిమిదిలోంచి మూడు

ఎనిమిది పుస్తకాల పేర్లు రాసుకోండి. చీటీల ప్రకారం కుదరనివి, దొరకనివి, మరీ లావైనవి ముందే పోతాయి. మూడు మిగలాలి. "దొరకడం" అంటే ఒక్క కాపీ కనిపించడం కాదు. కొత్త కాపీలు, లైబ్రరీ కాపీలు, ఈ-బుక్, ఆడియో అన్నీ కలిపి మీ బృందానికి సరిపడా వారంలోపు చేతికి రావాలి. ముద్రణలో లేని పుస్తకం ఎంత గొప్పదైనా వదిలేయండి, లేకపోతే ముగ్గురు చదివి ఐదుగురు వినే సమావేశమవుతుంది.

లావు సంగతి లెక్కేసి చూడండి. పేర్లు, తేదీలు నిండిన ఈ రకం పుస్తకం గంటకు 30 పేజీలకు మించి కదలదు. 320 పేజీలంటే దాదాపు 11 గంటలు. ఉద్యోగం, ఇల్లు ఉన్న మనిషి వారానికి నాలుగు రోజులు చదవగలిగితే నాలుగు వారాల్లో 16 రోజులు, రోజుకు 20 పేజీలు. ఇది సాధ్యమే. 480 పేజీలైతే రోజుకు 30 పడుతుంది, అప్పుడు సగం మంది పూర్తి చేయలేరు. పూర్తి చేయనివారు ఆ కేసు మీద వచ్చిన టీవీ సిరీస్ చూసి వచ్చేస్తారు, ఇక చర్చ పుస్తకం మీద కాకుండా సిరీస్ మీద నడుస్తుంది. అంత లావు పుస్తకమే కావాలనుకుంటే రెండు సమావేశాలకు పంచండి, అరెస్టు దగ్గర ఒకటి, తీర్పు తర్వాత ఇంకొకటి.

అయితే వెనక అట్ట మీది పేజీల సంఖ్య చూసి భయపడకండి. ఈ పుస్తకాల్లో చివరి 50, 60 పేజీలు నోట్సు, ఇండెక్స్ కావడం మామూలే. కథ ఏ పేజీలో ముగుస్తుందో తెరిచి చూసి ఆ అంకెనే లెక్కలోకి తీసుకోండి. ఈ-బుక్‌లో 83 శాతం దగ్గరే కథ అయిపోయి సభ్యులు కంగారుపడేది కూడా ఇందుకే.

ఒక్కో పుస్తకానికి ముప్పావు గంట పరీక్ష

అసలు పని ఇక్కడుంది. మూడు పుస్తకాలనూ ఆసాంతం చదవక్కర్లేదు. పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి.

మొదటి పది నిమిషాలు ఆధారాలు ఎక్కడివో చూడండి. నోట్సు ఉన్నాయా? ఉంటే అవి ఏ పేజీలోని ఏ మాటకు ఆధారమో చెబుతున్నాయా, లేక అధ్యాయానికొక పేరాగా "కోర్టు రికార్డులు, ఇంటర్వ్యూలు" అని తేల్చేశాయా? విచారణ రికార్డు, పోలీసు నివేదిక, శవపరీక్ష నివేదిక, ఉత్తరాలు, రచయిత స్వయంగా చేసిన ఇంటర్వ్యూలు వేటికవి విడిగా కనిపిస్తే మంచి గుర్తు. నోట్సు నిండా పాత వార్తాపత్రికలే ఉంటే, అప్పటి పత్రికల తప్పులన్నీ ఈ పుస్తకంలోకి దిగుమతి అయ్యాయని అనుకోవచ్చు. నోట్సు అసలే లేకపోతే పుస్తకాన్ని వెంటనే కొట్టేయకండి. అలాంటిదాన్ని ఎంచుకుంటే "ఇది ఈయనకెలా తెలుసు?" అన్నదే చర్చ అవుతుంది, దానికి బృందం సిద్ధమేనా అని ఆలోచించుకోండి. అనువాదమైతే మూలంతో పోల్చి చూడండి. అనువాదాల్లో నోట్సు, ఇండెక్స్, ఒక్కోసారి రచయిత ముందుమాట కూడా ఎగిరిపోతుంటాయి.

తర్వాత రచయిత గమనిక. ముందో వెనకో ఒకటి రెండు పేజీలుంటుంది. పేర్లు మార్చారా, ఇద్దరు ముగ్గుర్ని కలిపి ఒక పాత్ర చేశారా, సంభాషణలు తిరగ రాశారా, కాలక్రమం జరిపారా అన్నవి నిజాయతీ గల రచయిత ఇక్కడ చెప్పేస్తారు. పేర్లు మార్చడం తప్పు కాదు, బతికున్న సాక్షులను కాపాడటానికి అది అవసరమే. ఇద్దర్ని కలిపి ఒకరిని చేశారంటే మాత్రం రాసుకోండి. ఆ పాత్ర చెప్పే సాక్ష్యానికి విలువ కట్టడం కష్టం.

ఇప్పుడు సంభాషణ పరీక్ష, దీనికి పది నిమిషాలు. పుస్తకం మధ్యలో తెరిచి, కొటేషన్ గుర్తుల్లో మాటలున్న మూడు సన్నివేశాలు ఎంచుకోండి. వాటిలో ఒకటి చనిపోయిన మనిషి చివరి గంటల్లోది కావాలి. ఆ మాటలు విన్నవాళ్లెవరు? వాళ్లు బతికి ఎవరికైనా చెప్పారా? నోట్సులో ఆ పేజీ నంబరు ఉందా? మూడిట్లో రెండింటికి జవాబు దొరికితే పుస్తకం పాసైనట్టే. హతురాలు ఒంటరిగా కారు నడుపుతూ ఏమనుకుందో రచయిత రాసేస్తే, అది నవలా రచన. నవలా రచన ఉన్నంత మాత్రాన పుస్తకం పనికిరాదని కాదు. ట్రూమన్ కపోటీ 'ఇన్ కోల్డ్ బ్లడ్' 1966లో వచ్చింది, ప్రతిదీ నిజమేనని ఆయన చెప్పుకున్నాడు, పుస్తకంలో నోట్సు లేవు. చివర్లో శ్మశానంలో జరిగే సన్నివేశం కల్పితమని తర్వాత బయటపడింది. ఈ సంగతి దాచి చదివిస్తే సభ్యులు ఆ ముగింపుకు కరిగిపోతారు, సమావేశంలో బయటపెడితే ఒక్కసారిగా వాదన అందుకుంటుంది. దాచాలో ముందే చెప్పాలో నిర్వాహకులు తేల్చుకోవాలి. అనుభవమున్న బృందానికి దాచడమే బాగుంటుంది.

ఆ తర్వాత హతుల లెక్క. మొదటి 50 పేజీల్లో చనిపోయిన మనిషికి ఎన్ని పేజీలు దక్కాయి, చంపినవాడికి ఎన్ని దక్కాయి? హతుల పేరు, వయసు, అందం తప్ప ఇంకేమీ తెలియకపోతే, వాళ్లు ఆ పుస్తకంలో కేవలం శవాలు. హంతకుడి బాల్యం మీద మూడు అధ్యాయాలుండి, హతుడి గురించి మూడు పేరాలుంటే ఆ తేడాయే చర్చనీయాంశమవుతుంది. కానీ అది రచయిత కావాలని చేశాడా, పట్టించుకోక చేశాడా అన్నది ముందే గ్రహించండి. కృతజ్ఞతల పేజీ కూడా చూడండి. హతుల కుటుంబం సహకరించిందా, కాదందా అన్నది అక్కడ పేర్లను బట్టి తెలుస్తుంది. కుటుంబం సహకరించిందంటే అంతా నిజమేనని కాదు, ఏవో కొన్ని సంగతులు మర్యాద కోసం వదిలేసి ఉండవచ్చు.

చివరిగా ఫొటోలు. మధ్యలో మెరిసే కాగితం మీద వేసిన 8 లేదా 16 పేజీలు తిప్పి చూడండి. వాటిని ముందే చూసినవాళ్లకు ఎవరు అరెస్టయ్యారో తెలిసిపోతుంది, ఎందుకంటే సంకెళ్లతో ఉన్న ఫొటో అక్కడే ఉంటుంది. దోషి ఎవరన్నది పుస్తకం చివరిదాకా దాస్తే, సభ్యులకు "ఫొటోలు చివర్లో చూడండి" అని ముందే చెప్పండి. ఘటనాస్థలి చిత్రాలుంటే చీటీల్లో వచ్చిన జవాబుతో సరిచూసుకోండి.

రచయిత ఎటువైపు నిలబడి రాశారు

రచయిత మాజీ పోలీసా, కేసు వాదించిన ప్రాసిక్యూటరా, ముద్దాయి తరఫు లాయరా, విలేకరా, బంధువా? ఎవరికి ఏ గది తలుపు తెరుచుకుంటుందో దీన్ని బట్టి ఉంటుంది. 1974లో వచ్చిన 'హెల్టర్ స్కెల్టర్', అమెరికాలో అనుచరుల చేత హత్యలు చేయించిన చార్లెస్ మాన్సన్ కేసు వాదించిన ప్రాసిక్యూటర్ విన్సెంట్ బుగ్లియోసీ, కర్ట్ జెంట్రీతో కలిసి రాసింది. కోర్టులో నిలిపిన సిద్ధాంతమే పుస్తకానికి వెన్నెముక అవడంలో ఆశ్చర్యమేముంది? ఇలాంటి పుస్తకం తప్పకుండా చదవవచ్చు, కాకపోతే ఒకరికి ముందే ఒక పని అప్పగించండి: ముద్దాయి లాయరు ఈ పుస్తకం రాస్తే మొదటి అధ్యాయం ఎక్కడ మొదలుపెడతాడో ఆలోచించుకు రమ్మనండి.

రచయితకూ ముద్దాయికీ మధ్య డబ్బు ఒప్పందం ఉందేమో కూడా చూడాలి. భార్యాపిల్లల్ని చంపాడన్న ఆరోపణ ఉన్న డాక్టర్ జెఫ్రీ మెక్‌డొనాల్డ్‌తో రచయిత జో మెక్‌గినిస్ ఆదాయం పంచుకునేలా ఒప్పందం చేసుకుని, 1979 విచారణ సమయంలో అతని లాయర్ల బృందంతోనే ఉన్నాడు. అతను నిర్దోషి అని నమ్ముతున్నట్టు ఉత్తరాలు రాస్తూ వచ్చి, 1983లో 'ఫేటల్ విజన్' లో అతనే హంతకుడని తేల్చాడు. మెక్‌డొనాల్డ్ జైలు నుంచే దావా వేశాడు. 1987లో జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి రాజీ కుదిరింది. దీని మీద జానెట్ మాల్కమ్ 'ద జర్నలిస్ట్ అండ్ ద మర్డరర్' రాసింది. అది చిన్న పుస్తకం. హత్యల కన్నా రచయితల నైతికత మీద వాదించుకోవాలనుకునే బృందానికి అదొక్కటే చాలు.

కేసు ఇవాళ ఎక్కడుందో చూడండి

పుస్తకం అచ్చయిన రోజున ఆగిపోతుంది, కేసు ఆగదు. అప్పీళ్లు, పునర్విచారణలు, కొత్త డీఎన్ఏ ఫలితాలు వస్తూనే ఉంటాయి. మిషెల్ మెక్‌నమారా 'ఐల్ బి గాన్ ఇన్ ద డార్క్' ఆమె పోయిన తర్వాత 2018 ఫిబ్రవరిలో వచ్చింది. హంతకుడెవరో తెలియదన్న దగ్గరే పుస్తకం ముగుస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో నిందితుడు అరెస్టయ్యాడు, 2020లో నేరం ఒప్పుకున్నాడు. తర్వాతి ముద్రణల్లో ఆ సంగతి చేర్చారు. పాత కాపీ చదివినవారూ కొత్త కాపీ చదివినవారూ ఒకే గదిలో కూర్చుంటే రెండు వేర్వేరు పుస్తకాల మీద మాట్లాడుకుంటారు.

ఇంతకన్నా తీవ్రమైనది ఆలిస్ సీబోల్డ్ ఉదంతం. తన మీద జరిగిన అత్యాచారం గురించి ఆమె 1999లో 'లక్కీ' రాసింది. ఆ కేసులో 16 ఏళ్లు జైల్లో గడిపిన మనిషికి వేసిన శిక్షను 2021 నవంబరులో కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ప్రచురణ సంస్థ పుస్తకం పంపిణీ ఆపేసింది. పాత కాపీలు, పాత సమీక్షలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఈ సంగతి తెలియకుండా ఎవరైనా దాన్ని ఎంచుకుంటే ఒక నిర్దోషిని దోషిగా పెట్టుకుని గంటన్నర చర్చిస్తారు.

కాబట్టి ఇద్దరిలో ఒకరు ఈ నాలుగు సంగతులు వెతికి పెట్టాలి: తాజా తీర్పు ఏది, అప్పీలు ఏదైనా మిగిలుందా, పుస్తకం మీద ఎవరైనా దావా వేశారా, ఎక్కువ మార్పులున్న ముద్రణ ఏ సంవత్సరానిది. దొరికినదాన్ని ఇంకొకరికి తప్ప ఎవరికీ చెప్పకూడదు, లేకపోతే కథ ముందే తెలిసిపోతుంది. విచారణ ఇంకా నడుస్తున్న కేసు మీద పుస్తకమైతే వద్దనే చెబుతాం. సగం ఆధారాలు బయటికి రాకుండా చేసే చర్చ వట్టి పుకారుగా మారుతుంది, పైగా ఆ మనుషులు ఇంకా కోర్టు మెట్లెక్కుతూనే ఉంటారు.

ఓటు

మూడు పుస్తకాల మీద ఒక్కో పేరా రాసి పంపండి. అందులో పేజీల సంఖ్య, కేసు కాలం, రచయిత ఎవరు, కఠినమైన అంశాలు ఏవి అన్నవి ఉండాలి, దోషి పేరు ఉండకూడదు. వెనక అట్ట మీది మాటలు ఎత్తి రాయకండి. ప్రతి పుస్తకమూ ఒళ్లు జలదరింపజేస్తుందనే అక్కడ ఉంటుంది.

సభ్యులు 1, 2, 3 అని వరుస ఇస్తారు. మొదటిదానికి 3 మార్కులు, రెండోదానికి 2, మూడోదానికి 1. "ఇది చదవలేను" అని ఎవరైనా రాస్తే ఆ పుస్తకం మార్కులతో సంబంధం లేకుండా పోతుంది. సమానమొస్తే సన్నటి పుస్తకం. కేవలం చేతులెత్తించి లెక్కపెడితే, నలుగురికి పిచ్చిగా నచ్చి నలుగురికి అస్సలు నచ్చనిది గెలుస్తుంది. వరుస పద్ధతిలో అందరూ పర్లేదనుకునేది పైకొస్తుంది, నెలరోజులు చదవాల్సిన పుస్తకానికి అదే మేలు. రెండో స్థానంలో వచ్చినదాన్ని పారేయకండి, మొదటిది అనుకోకుండా దొరకకపోతే అదే ఆదుకుంటుంది.

ప్రకటించేటప్పుడు పంపాల్సినవి

ముద్రణ సంవత్సరం, ప్రచురణకర్త, పేపర్‌బ్యాకా గట్టి అట్టా అన్నది రాయండి. ముద్రణలు వేరైతే పేజీ నంబర్లు కలవవు, అందుకే చర్చకు అధ్యాయాల నంబర్లే వాడతామని ముందే చెప్పండి. ఆడియో వినేవారికి ఇది మరీ అవసరం. వాళ్లకు ఫొటోలు, పటాలు, నోట్సు అందవు కూడా, అవి ఎవరి కాపీలోంచైనా ఫొటో తీసి పంపాలి.

కఠినమైన భాగాల సూచిక తయారుచేయండి. "నాలుగో అధ్యాయం, రెండో సగం: శవపరీక్ష వివరాలు, దాదాపు ఐదు పేజీలు. దాటేయవచ్చు. అక్కడ తేలేదల్లా మరణ సమయం రాత్రి పదికీ రెండుకీ మధ్య అని." ఇలా, దాటేసినవారికి కథ తెగిపోకుండా ఒక్క వాక్యంలో సారం ఇవ్వండి. ఉత్త "జాగ్రత్త, హింస ఉంది" అన్న హెచ్చరిక ఎవరికీ ఉపయోగపడదు, ట్రూ క్రైమ్‌లో హింస ఉంటుందని అందరికీ తెలుసు.

ఇంకో కాగితం మీద మనుషుల పట్టిక. ఈ పుస్తకాల్లో యాభై పేర్లుంటాయి, వాటిలో ఓ ఇరవై ముఖ్యం. పేరు, పక్కన "హతుడి అక్క", "మొదటి దర్యాప్తు అధికారి", "పక్కింటి సాక్షి" అన్నంత చాలు. ఎవరు దోషో తెలిసేలా ఏదీ రాయకండి. సగంలో ఆగినవాళ్లలో చాలామంది పేర్లు కలగాపులగమై ఆగినవాళ్లే.

సమావేశానికి ముందు వారం

ఐదారు ప్రశ్నలు సరిపోతాయి. "మీకు నచ్చిందా?" అన్నదాన్ని మొదట పెట్టకండి, దాంతో బృందం రెండుగా చీలి అక్కడే గిరగిరా తిరుగుతుంది. ఆధారం మీద అడగండి. ఏ సాక్షి మాట పోతే కేసు కూలిపోతుంది? రచయిత తనకు తెలియదని ఎక్కడ ఒప్పుకున్నారు, తెలియకపోయినా తెలిసినట్టు ఎక్కడ రాశారు? జ్యూరీకి లేదా జడ్జికి తెలియనిది, మనకు తెలిసినది ఏమిటి? ఒక అధ్యాయం తీసేయమంటే ఏది తీసేస్తారు? హతుల కుటుంబంలోని వారు ఈ గదిలో ఉంటే మీరు ఇప్పుడన్న మాట ఇలాగే అంటారా? ఈ చివరి ప్రశ్నను మొదటి గంట గడిచాకే వేయండి. ముందే వేస్తే అందరూ బిగుసుకుపోతారు.

ఇంటర్నెట్లో చదివిన సిద్ధాంతాలు ఎవరో ఒకరు తెస్తారు, తప్పదు. వాటికి చివర్లో పది నిమిషాలు కేటాయించండి. అప్పటిదాకా పుస్తకంలో ఉన్నదాని మీదే మాట్లాడాలన్న నియమం పెడితే, చదవనివాడు చర్చను లాక్కుపోలేడు. కోర్టు నిర్దోషిగా వదిలిన మనిషిని, లేదా ఎన్నడూ ఆరోపణే రాని పొరుగువారిని "వాడే చేశాడు" అని తేల్చేసే మాటలు వచ్చినప్పుడు నిర్వాహకులు "పుస్తకంలో ఏ పేజీ?" అని అడగాలి. అంతకు మించి వాదించనక్కర్లేదు.

ఎవరైనా మధ్యలో లేచి వెళ్లిపోతే కారణం అడగవద్దని, సగం చదివి ఆపేసినవారు కూడా రావచ్చని ముందే అందరికీ చెప్పి ఉంచండి. ఆపేసినవారిని ఏ పేజీ దగ్గర ఆపారో మాత్రం అడగవచ్చు. ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆపి ఉంటే చర్చ అక్కణ్నుంచే మొదలుపెట్టండి.

కేసు ఇవాళ ఎక్కడుందో సమావేశానికి ముందు రోజు మళ్లీ ఒకసారి వెతకండి. ఆరు వారాల్లో తీర్పు మారిపోయిన సందర్భాలుంటాయి. కొత్త సంగతి దొరికితే మొదట్లోనే బయటపెట్టకుండా, పుస్తకం మీద చర్చ ముగిశాక చదివి వినిపించండి. ఆ తర్వాత ఇంకో పదిహేను నిమిషాలు ఉంచుకోండి, ఎందుకంటే అప్పటిదాకా అన్న మాటలు వెనక్కి తీసుకోవాలనుకునేవారు ఒకరిద్దరైనా ఉంటారు.